నీళ్లు చూడకుండా తిప్పిన తాళం

కార్ల గురించి నాకేమీ తెలియదు. ఈ నాలుగు మాటలూ ఆ రోజే నోరు తెరిచి చెప్పి ఉంటే ఒక మనిషి బతుకు ఇంకోలా నడిచి ఉండేది. చెప్పలేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో ఇంజనీరింగు పట్టా, ఒళ్లంతా పొగరు.

తొంభైల నడుమ సంగతి. ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి, ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీలో చేరి, కాటన్‌పేటలో ఒక పాత ఇంటి మేడమీద గదిలో అద్దెకు దిగాను. కింద ఉండే ఇంటివాళ్లు తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్లు. పట్టుదారం, జరీ టోకు వ్యాపారం. నేను దిగిన ఐదారు నెలలకు ఇంటాయన గుండెపోటుతో పోయారు. ఇంట్లో మిగిలింది ఆయన భార్య, తొమ్మిదో క్లాసు చదివే కూతురు. ఆమెకప్పుడు నలభై ఆరేళ్లు. మొదట్లో నేను ఆమెను 'ఆంటీ' అనేవాణ్ణి. "ఆంటీ అంటే పక్కింట్లో ఇంకెవరినో పిల్చినట్లుండాది. అక్కా అనప్పా," అంది ఒకరోజు. అప్పటినుంచి నాకు ఆమె అక్కే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన తెల్ల అంబాసిడర్ ఉండేది. వారానికోసారి ఆయన అందులో దారం మూటలు వేసుకుని దొడ్డబళ్లాపురం వైపు మగ్గాలవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చేవారు. ఆయన కర్మకాండ ముగిశాక, ఎదురింట్లో ఉండే ఆయన అన్న, అంటే అక్కకు బావ, అందరి ముందూ ఒక మాట చెప్పాడు. సంవత్సరీకం అయ్యేదాకా కారు షెడ్డు దాటి బయటికి రాకూడదు, పోయినవాడి వాహనం ఏడాది తిరక్కుండా రోడ్డెక్కకూడదు. అది శాస్త్రమో, ఆయన సొంత శాస్త్రమో నాకు తెలియదు. అక్క ఎదురు చెప్పలేదు. ఆ ఏడాదిలో చేయాల్సిన పని ఒకటి ఆమె అప్పటికే మనసులో పెట్టుకుంది.

డ్రైవింగు నేర్చుకోవాలనుకుంది.

"ఆడదానివి మగ్గాల దగ్గరికి నువ్వెట్ల పోతావు, అంగడి నాకు వదిలిపెట్టు అంటాడు మా బావ. ఏడాది కానీ, నేను పోయి చూపిస్తా. ఆయన కారులోనే, నేనే తోలుకోని పోతా," అని మేడమెట్ల మీద కూర్చుని నాతో చెప్పింది.

"బస్సులు ఉన్నాయి కదక్కా," అన్నాను.

"అయ్యో నీ తెలివి కాల! దారం మూటలు నెత్తిన పెట్టుకోని బస్సెక్కేదా?" అని పకపకా నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

చామరాజపేటలో ఒక డ్రైవింగ్ స్కూలులో చేరింది. ఆదివారం పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లేది. మంచాన పడ్డ పిన్నమ్మను చూసొస్తామని బావగారింట్లో చెప్పేది. అసలు సంగతి తెలిసింది కూతురికీ నాకూ మాత్రమే. ఇంట్లోవాళ్లకు చెప్పని మాట పరాయివాణ్ణి నాకు చెప్పిందని నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

కారు ఏడాది పాటు కదలకుండా ఉంటే పాడైపోతుందని, వీధి చివర గ్యారేజీ పెట్టుకున్న ముసలి మెకానిక్‌ను పిలిపించింది. ఆయన వచ్చి బానెట్ ఎత్తి, వరసగా చెప్పుకుపోయాడు. "వారానికోసారి స్టార్ట్ చేసి ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఉంచల్ల. షెడ్డులోనే రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి జరపల్ల. లేకుంటే టైర్లు ఒకే చోట అణిగిపోతాయి. హ్యాండ్‌బ్రేకు ఏసి పెట్టొద్దు, పట్టేస్తాది. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. పని అయినాక బ్యాటరీ వైరు పీకేయండి. ఎలకలు రాకుండా కలరా ఉండలు ఏయండి. అన్నిటికన్నా ముందు రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడల్ల. ఈ పైపులు పాతవైనాయి. నీళ్లు చూడకుండా తాళం ముట్టుకోవద్దండి. ఎవరమ్మా చూసుకునేది?"

"మా మేడమీద అబ్బాయి ఉండాడు కదా. ఇంజనీరు," అంది అక్క.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. కారు బానెట్ లోపల ఏముంటుందో అంత దగ్గరగా చూడడం అప్పుడే. "నేను చూసుకుంటాను తాతా, ఇదేమన్నా పెద్ద పనా?" అన్నాను. ఆ గొంతు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తాళం తిప్పడం, గేరు వేయడం ఒక స్నేహితుడి దగ్గర నేర్చుకుని, మొదటి నాలుగు నెలలు బుద్ధిగానే చేశాను. నీళ్లు చూసేవాణ్ణి, స్టార్ట్ చేసేవాణ్ణి, ముందుకీ వెనక్కీ జరిపి ఇటుకలు పెట్టేవాణ్ణి. అక్క తొమ్మిదిన్నరకు తిరిగొచ్చేసరికి నా పని అయిపోయేది. ఆమె వచ్చీ రాగానే షెడ్డులోకి వెళ్లి స్టీరింగు ముందు కూర్చునేది. తాళం నా దగ్గరే ఉండేది, ఆమె అడిగేది కాదు. స్కూలు కారుకు గేరు కింద ఉంటే, ఈ కారుకు స్టీరింగు పక్కన ఉండేది. చెయ్యి తిరగాలని, ఆగి ఉన్న కారులోనే ఒకటి, రెండు, మూడు అని పైకి అనుకుంటూ గేర్లు మార్చేది. "ఈ పొద్దు మైసూరు రోడ్డులో లారీ వెనకాల పోయినా తెలుసునా? ఆ మాస్టరు గాబరా పడిపోయినాడు. నేను కాదు!" అని చెప్పేది. కూతురు వెనక సీట్లో కూర్చుని, "దొడ్డబళ్లాపురం, దొడ్డబళ్లాపురం, ఎక్కండి!" అని అరిచేది.

ఉగాది దాటింది. ఆఫీసులో పని పెరిగింది, మడివాళలో పీజీ ఇళ్లల్లో స్నేహితులు పెరిగారు. శనివారం అక్కడికి వెళ్తే ఏ అర్ధరాత్రికో వచ్చి, ఆదివారం అక్క తిరిగొచ్చే వేళకు గానీ నిద్ర లేచేవాణ్ణి కాదు. మొదటిసారి ఒక వారం తప్పింది. ఒక్క వారమే కదా అనుకున్నాను.

"కారు తిప్పినావాప్పా?" అని అడిగింది అక్క.

"తిప్పానక్కా."

ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి! ఆ మాట ఒకసారి వచ్చాక ఇక వారం వారం అదే వచ్చింది. ఉగాదికీ దసరాకీ మధ్య నేను ఆ కారును స్టార్ట్ చేసింది మూడుసార్లో, నాలుగుసార్లో. బ్యాటరీ వైరు పీకడం మానేశాను. ఒకరోజు ఆమె టైర్లు చూసి, "గాలి తక్కువుండాది కదప్పా?" అంటే, "ఎండలకు రబ్బరు అలాగే మెత్తబడుతుందక్కా, చలికాలానికి సర్దుకుంటుంది," అని చెప్పాను. ఇంజనీరు చెప్పాడు కదా, నమ్మింది. ఆదివారాలు నాకోసం పళ్లెంలో రాగిముద్ద, పప్పుచారు పెట్టి మేడమీదికి పంపేది. "పాపం, సెలవు పూట కూడా నా కారుతోనే సరిపోతాది నీకు," అనేది. నేను ఆ ముద్ద తిన్నాను. ఒక్క వారం కూడా వద్దనలేదు. సిగ్గు లేకుండా నెయ్యి అడిగి మరీ తిన్నాను.

శ్రావణంలో ఆమెకు లైసెన్సు వచ్చింది. "ఫోటోలో దొంగ మాదిరి ఉండా చూడు," అని చూపించి, చీర కొంగుతో తుడిచి లోపల దాచుకుంది. భాద్రపదంలో సంవత్సరీకం అయింది. ఇక ఆయుధపూజ రోజు పూజ చేసి, నిమ్మకాయల మీదుగా కారును తనే బయటికి తీసి, వీధి చివరిదాకా నడిపి చూపించాలని నిర్ణయం. మరుసటి వారం దొడ్డబళ్లాపురం. అప్పుడు బయటపెట్టింది బావగారికి.

ఆయన అంతా విన్నాడు. తర్వాత, "తోలితే తోలు. పూజ మాత్రం మా ఇంట్లోది చేస్తాది. ముత్తైదువ చెయ్యి పడల్ల వాహనానికి," అన్నాడు.

"కారు నాది బావా. బొట్టు నేనే పెడతా," అంది అక్క. గొంతు పెంచలేదు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎవరైనా అడ్డం చెప్పడం నాకు తెలిసి అదే మొదలు.

"నీ ఇష్టం. ఏమన్నా అయితే నన్ను అడగొద్దు," అని లేచి వెళ్లిపోయాడాయన.

పండగకు ఇంకా రెండు రోజులుంది. నాకు అప్పుడు పట్టుకుంది భయం. ఆఫీసుకు సెలవు పెట్టి, అక్కా కూతురూ పూజ సామాన్లకు మార్కెట్టుకు వెళ్లిన వేళ చూసి, షెడ్డు తలుపు తీశాను. బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంది. దాన్ని పీకి, స్నేహితుడి స్కూటరు మీద పెట్టుకెళ్లి, అప్పటికప్పుడు చార్జింగు పెట్టించి తెచ్చాను. తాళం తిప్పితే దగ్గింది, మూలిగింది, పదోసారో పన్నెండోసారో స్టార్ట్ అయింది. ఆ సంతోషంలో నాకు ఇంకేమీ గుర్తులేదు. పరీక్ష ముందు రోజు ఏడాది పాఠాలన్నీ ఒక్క పట్టున కూర్చుని చదివేసేవాడిలాగా, ఎగ్గొట్టిన ఆదివారాలన్నిటికీ కలిపి ఇప్పుడే ఇంజన్‌ను వేడెక్కించేద్దామనుకున్నాను. యాక్సిలరేటరు తొక్కి పట్టుకున్నాను. అలా అరగంట.

మొదట కాలిన వాసన వచ్చింది. దుమ్ము కాలుతోందనుకున్నాను. తర్వాత రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. నేను కాలు తీసేలోపే ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పాను. టక్ అన్న శబ్దం, అంతే. ఇంకోసారి తిప్పాను. టక్.

చల్లారాక వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని ఒక గంట కూర్చున్నాను. రాలేదు. అప్పుడు, అప్పుడు తీశాను రేడియేటర్ మూత. లోపల చుక్క లేదు. బకెట్టుతో నీళ్లు పోస్తే, పగిలిన పైపులోంచి పోసినవి పోసినట్టు నేల మీదికి కారిపోయాయి. నీళ్లు చూడకుండా తాళం ముట్టుకోవద్దన్న మాట అప్పుడు చెవిలో మోగింది. ఏం లాభం? బానెట్ మూసేసి, నేల తుడిచి, గుడ్డ కప్పేసి, దొంగలాగా పైకెక్కాను.

చెప్పడానికి రెండు రోజులు ఉన్నాయి నాకు. రెండు రోజులు! అక్క సాయంత్రం చామంతి మాలలు, బూడిద గుమ్మడికాయ, అరటి పిలకలు తెచ్చి వరండాలో పెట్టుకుంది. కొత్త చీర నాకు చూపించి, "ఈ రంగు తోలేవాళ్లకు బాగుంటాదా?" అని అడిగింది. బాగుంటుందన్నాను. కారు సంగతి మాత్రం నోట రాలేదు. ఇంజనీరువి కదా, నీళ్లు చూడలేదా అంటుందేమోనని. ఇన్నాళ్లూ చెప్పినవి అబద్ధాలా అంటుందేమోనని. చివరికి ఒక పథకం వేసుకున్నాను. పండగ రోజు కారు కదలకపోతే బ్యాటరీ వీక్ అయిందని చెబుదాం, సెలవులయ్యాక మెకానిక్ చేతిలో పెడదాం, అప్పుడు సంగతి అదే బయటపడుతుందిలే అని.

ఆయుధపూజ పొద్దున షెడ్డు ముందు అందరూ చేరారు. బావగారు, ఆయన భార్య, వీధిలోవాళ్లు కొందరు. అక్క స్నానం చేసి, కారు అద్దానికీ బానెట్‌కూ విభూతి పట్టెలు తీర్చింది. పసుపు రాసింది. కుంకుమ బొట్టు తనే పెట్టింది. బావగారి భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది. హారతి ఇచ్చాక కూతురు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. అక్క లోపల కూర్చుని, స్టీరింగుకు దణ్ణం పెట్టుకుని, నా దగ్గర తాళం తీసుకుంది. నా మొహం కూడా చూడలేదు, అంత సంబరంగా ఉంది.

టక్.

మళ్లీ తిప్పింది. టక్. మూడోసారి. బ్యాటరీ అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాకన్నా ముందే బావగారి భార్య అంది. "చెప్తే వినింటే కదా. మొగుణ్ణి మింగిన చెయ్యి పెడితే ఏ బండి కదులుతాది?"

నేను నోరు మూసుకున్నాను.

ఈ ఒక్క సంగతి ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆ మాట విన్న క్షణంలో నాకు హాయిగా అనిపించింది. తప్పు ఇంకొకరి మీద పడింది, నన్ను ఇక ఎవరూ ఏమీ అడగరు. కారు డోరు పక్కనే నిలబడి, ఆమె మొహం చూస్తూ, హాయి పడ్డాను. ఛీ!

అక్క కారు దిగింది. తన అరచేతులు రెండూ ఒకసారి చూసుకుని, కుంకుమ భరిణె బావగారి భార్య చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. బయట బొరుగులు, పుట్నాలు పంచారు. నేనూ ఒక పొట్లం తీసుకున్నాను.

ఆ రోజు ఏ గ్యారేజీ వాడూ పని ముట్టడు, వాళ్లకూ పూజే. సెలవులు అయిపోయేలోపు బావగారు పాత ఇనుము వాళ్లకు మాట ఇచ్చేశాడు. అపశకునపు బండి ఇంట్లో ఉండకూడదన్నాడు. అక్క సరేనంది. నలుగురు వచ్చి కారును నెట్టుకుపోయారు. చక్రాలు సరిగా తిరక్కపోతే నేను కూడా ఒక చెయ్యి వేశాను. మరునాడు వీధిలో ముసలి మెకానిక్ ఎదురై, "అదేంటి, నన్ను పిలవకుండానే అమ్మేసినారు? నీళ్లు చూస్తా ఉంటివి కదప్పా నువ్వు?" అని అడిగాడు. "వారం వారం చూశాను తాతా," అన్నాను.

లైసెన్సు మళ్లీ నాకు కనపడలేదు. అంగడి బావగారి చేతికి పోయింది. బస్సులో అయినా మగ్గాల దగ్గరికి వెళ్తానని ఆమె అనలేదు. వీధిలో ఎవరికైనా పిల్ల పుట్టినా, ఎవరైనా కొత్త బండి కొన్నా గుమ్మం లోపలే ఉండిపోయేది. నాతో మామూలుగానే మాట్లాడేది. ఆదివారం రాగిముద్ద కూడా పంపేది. అదే తట్టుకోలేకపోయాను. ఆఫీసు దూరమవుతోందని చెప్పి రెండు నెలల్లో మడివాళకు మారిపోయాను. "మమ్మల్ని మర్చిపోవద్దప్పా," అని సాగనంపింది.

పదకొండేళ్లు గడిచాయి. ఊరు తూర్పుకు పెరిగింది, నేను హూడిలో ఫ్లాటు కొనుక్కున్నాను, కారు కొనుక్కున్నాను. కాటన్‌పేట వైపు పనిబడినా ఆ వీధిలోకి తిరిగేవాణ్ణి కాదు. ఒకరోజు మా ఆఫీసు క్యాంటీనులో ఒకమ్మాయి, "అన్నా!" అని పిలిచింది. అక్క కూతురు. పక్క భవనంలోనే ఉద్యోగమట, పెళ్లయిందట. కారు కొన్నాను, ఆయుధపూజ అమ్మ ఇంట్లోనే చేస్తున్నాను, నువ్వు రాకపోతే ఊరుకోను అంది. తప్పించుకోవడానికి నాకు ఒక్క సాకు కూడా దొరకలేదు.

వెళ్లేసరికి అక్కడ కూతురు, అల్లుడు, అక్క మాత్రమే ఉన్నారు. బావగారూ ఆయన భార్యా అప్పటికే పోయారు. కొత్త కారు వాకిట్లో నిలబెట్టి ఉంది. కూతురు కుంకుమ భరిణె పట్టుకుని, "అమ్మా, వచ్చి బొట్టు పెట్టు," అని పిలిచింది.

వంటింట్లోంచి, "నువ్వే పెట్టుకో. నా చేతి సంగతి నీకు తెలీదా?" అని అక్క గొంతు వినిపించింది. మామూలుగా అంది, పొయ్యి మీద పాలు చూడమన్నట్టు.

నేను వంటింట్లోకి వెళ్లాను. ఆమె కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ఉండగానే చెప్పేశాను. తప్పిన ఆదివారాలు, పగిలిన పైపు, ఆ అరగంట, అన్నీ. ఆమె కొళాయి కట్టేసింది.

"నీళ్లు లేకుండా తిప్పినావా?"

"అవునక్కా."

"పూజకు ముందే తెలుసునా నీకు?"

"రెండు రోజుల ముందే."

"ఆ పొద్దు ఆమె ఆ మాట అంటా ఉంటే, నువ్వు నా పక్కనే నిలబడి ఉంటివి కదప్పా."

"ఉన్నాను."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఆమె వినిపించుకున్నట్టు లేదు.

"ఇంజన్ పోతే ఇంకోటి ఏయించుకోని ఉందును. దానికేముండాది? నా చెయ్యి మంచిది కాదని నమ్మినా అప్పా. నా బిడ్డ పెండ్లిలో తలంబ్రాల పళ్లెం కూడా ముట్టుకోలేదు. ఒక్క మాట. ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే చాలుగా!" అంది. ఆమె కోపం నేను చూడడం అదే మొదటిసారి. న్యాయంగా అది పదకొండేళ్ల కిందట నాకు దక్కాల్సింది.

చేతులు తుడుచుకుని నన్ను దాటుకుని వాకిట్లోకి నడిచింది. కూతురి చేతిలోంచి భరిణె తీసుకుంది. వంగలేక, ఒక చెయ్యి కారు మీద ఆనించి, బానెట్ మీద బొట్టు పెట్టింది. కూతురు ఆశ్చర్యపోయి, తర్వాత ఏడ్చి, తర్వాత కారు తలుపు తెరిచి, "రా అమ్మా, కూర్చో. నీకు వచ్చు కదా, వీధి చివరిదాకా నువ్వే తోలు," అంది.

"ఇంకెక్కడ తోలేది? మోకాళ్లు పోయినాయి," అంది అక్క. ఆ మాట కూతురితోనే అంది గానీ, చూసింది మాత్రం వంటింటి కిటికీలో నిలబడ్డ నా వైపు.